చీపురు వెనక చరిత్ర – 7వ భాగం: గ్లౌజు ఎవరి చేతి కోసం పుట్టింది?



పోయిన భాగంలో తట్ట గురించి మాట్లాడుకున్నాం. అది చదివి ఇద్దరు ముగ్గురు మిత్రులు "తట్ట పోయింది కదన్నా, ఇప్పుడంతా మందులే కదా" అన్నారు. చాలాచోట్ల తట్ట పోయిన మాట నిజమే. మందులొచ్చిన మాటా నిజమే. ఫినాయిల్ డబ్బా, యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ సంచి, హైపో క్యాను. ఇవి ఎక్కడ పుట్టాయి, ఎవరి కోసం పుట్టాయి, మనవాళ్ల చేతుల్లోకి ఎట్లా వచ్చాయి, వచ్చేటప్పుడు దారిలో ఏం పోగొట్టుకుని వచ్చాయి అన్నదే ఈ భాగం. కొంచెం పొడుగు ఉంటుంది. ఓపికగా చదవండి. ఆసుపత్రిలో, హాస్టల్లో, మాల్‌లో, అపార్ట్‌మెంట్‌లో క్లీనింగ్ పని చేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

1. పేగుల కార్ఖానా

క్లోరిన్‌ను 1774లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కనుక్కున్నాడు. 1785లో బెర్తొలే అనే ఫ్రెంచాయన దానితో బట్ట తెల్లబడుతుందని చూపించాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ ఆ వాయువును సున్నంలో పట్టి పొడి చేసి పేటెంట్ తీసుకున్నాడు. అదే మన బ్లీచింగ్ పౌడర్. అంటే అది మొదట బట్టల మిల్లుల సరుకు. క్రిములను చంపడానికి ఎవరూ తయారుచెయ్యలేదు. అసలు అప్పటికి జబ్బులకు క్రిములు కారణమన్న సంగతే తెలియదు.

మరి దాన్ని కంపు మీదకు తెచ్చిందెవరు? పారిస్‌లో లబరాక్ అనే మందుల తయారీదారు. ఆ ఊళ్లో పశువుల పేగులను శుభ్రం చేసి వాద్యాలకు తీగెలు తీసే కార్ఖానాలుండేవి. పేగులు కుళ్లబెడితేగాని పొరలు ఊడేవి కావు. ఆ కంపులోనే కూలీలు పొద్దంతా పనిచేసేవాళ్లు. కుళ్లబెట్టకుండా ఆ పని చేసే దారి చూపినవాళ్లకు బహుమతి ఇస్తామని అక్కడి ఒక పరిశ్రమల సంఘం ప్రకటించింది. 1820ల్లో లబరాక్ క్లోరిన్ ద్రావణాలతో ఆ పని చేసి చూపించాడు. తర్వాత అదే ద్రావణం శవాల గదులకూ, మరుగుదొడ్లకూ, ఆసుపత్రులకూ పోయింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేతులు కడిగించిందీ క్లోరిన్ సున్నంతోనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన ఊళ్లలో కూడా అట్లాంటి పని ఉండేది. మాదిగ వాడలో లంద ఉండేది. తోలును సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుక ఊడగొట్టడం, సున్నం పోయేదాకా కడగడం, తంగేడు చెక్క నీళ్లలో ఊరెయ్యడం. సున్నం ఎంత వెయ్యాలి, ఎన్ని రోజులుంచాలి, ఏ పూట తియ్యాలి, అన్నీ లెక్క ప్రకారమే. ఒకరోజు ఎక్కువైతే తోలు చెడిపోతుంది. దాన్ని రసాయన శాస్త్రం అనకపోతే ఇంకేమంటారు?

పారిస్‌లో కంపు వచ్చింది. పని తీరు మార్చడానికి బహుమతి పెట్టారు. మన దగ్గరా కంపు వచ్చింది. మనిషినే ఊరి బయట పెట్టారు. పనిని మార్చడమా, మనిషిని దూరం పెట్టడమా అన్న ఈ తేడా గుర్తుపెట్టుకోండి. కింద మళ్లీ వస్తుంది.

పారిస్ గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లండులో బ్లీచింగ్ పౌడర్ తయారుచేసే కార్ఖానాల్లో ఆ పొడిని పీపాల్లో నింపే కూలీలు ముక్కుకూ మూతికీ ఫ్లానెల్ గుడ్డ పొరలు పొరలుగా చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని పనిచేసేవాళ్లు. అది 19వ శతాబ్దం. ఇవాళ మన అక్క పైట చెంగు ముక్కుకు చుట్టుకుని అదే పొడి చల్లుతుంది. రెండు శతాబ్దాల్లో ఫ్లానెల్ గుడ్డ పోయి పైట చెంగు వచ్చింది. వాయువును ఆ గుడ్డా ఆపలేదు, ఈ చెంగూ ఆపదు.

2. మోరీ నుంచి ఆపరేషన్ థియేటర్‌కు

ఇక ఫినాయిల్ కథ. 1834లో రూంగె అనే జర్మన్ శాస్త్రవేత్త బొగ్గు తారు నుంచి కార్బాలిక్ యాసిడ్ తీశాడు. దాన్నే ఫినాల్ అంటారు. ఇంగ్లండులో కార్లైల్ అనే ఊరి మురుగునీళ్లలో దాన్ని కలిపితే కంపు తగ్గింది. ఆ మురుగు పారిన పొలాల్లో మేసే పశువులకు జబ్బులూ తగ్గాయట. ఈ సంగతి విన్న జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ 1865లో గ్లాస్గోలో విరిగిన కాలి పుండు మీద దాన్ని వాడి చూశాడు. పుండు మానింది. ఆధునిక శస్త్రచికిత్స చరిత్ర అక్కడ మొదలైందని పుస్తకాలు రాస్తాయి.

అంటే మోరీలో పనికొచ్చిన మందే డాక్టరు చేతికి పోయింది. డాక్టరుకు పేరొచ్చింది. మోరీ దగ్గర పనిచేసినవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ కార్బాలిక్ చేతుల మీద పడితే చర్మం తెల్లబడి, మొద్దుబారి, పగిలిపోతుంది. సర్జన్లు అది భరించారు. గాలిలో పిచికారీ కూడా చేశారు. దానివల్ల లాభం లేదని తేలాక 1890లో బెర్లిన్ సభలో లిస్టరే ఆ పిచికారీని వదిలేస్తున్నట్టు చెప్పాడు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి. గాలిలోకి మందు కొట్టడం దండగని ఆ మందును ఆసుపత్రిలోకి తెచ్చినాయనే 1890లో ఒప్పుకున్నాడు. 2020 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊరికి తిరిగొచ్చిన వలస కూలీలను, ఆడవాళ్లతో, పిల్లలతో సహా, రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ల మీద హైపోక్లోరైట్ నీళ్లు కొట్టారు. ఆ వీడియో దేశమంతా చూసింది. తర్వాత ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద మందు కొట్టొద్దని ప్రకటన ఇచ్చింది. విమానంలో వచ్చినవాళ్ల మీద కొట్టలేదు, వలస కూలీల మీద కొట్టారు. శుభ్రం చెయ్యాల్సిన వస్తువుల జాబితాలో కొందరు మనుషులు కూడా ఉంటారు ఈ దేశంలో.

3. గ్లౌజు

ఇప్పుడు ఈ భాగానికి పేరు పెట్టిన సంగతి.

ఆపరేషన్ చేసే డాక్టరు రబ్బరు గ్లౌజులు వేసుకునేది రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా అని మనకు తెలుసు. కానీ అవి పుట్టింది అందుకు కాదు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 1889 – 90 చలికాలంలో కరోలిన్ హ్యాంప్టన్ అనే నర్సు ఆపరేషన్ గది చూసుకునేది. అక్కడ చేతులు కడుక్కోవడానికి మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం వాడేవాళ్లు. పాదరసం మందు. ఆమె చేతులు పుండ్లు పడ్డాయి. పని మానెయ్యాల్సిన పరిస్థితి వచ్చింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి చెప్పి ఆమె చేతుల కోసం పలచటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. 1890లో ఇద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు. ఆ గ్లౌజుల వల్ల రోగులకు ఇన్ఫెక్షన్లు తగ్గుతున్నాయన్న సంగతి కొన్నేళ్ల తర్వాతగానీ తేలలేదు.

అంటే ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజు వచ్చిందే క్లీనింగ్ కెమికల్ వల్ల చేతులు పాడైన ఒక పనిమనిషి కోసం. "నీకు పడకపోతే పని మానెయ్" అని ఆమెను ఎవరూ అనలేదు. "అలవాటైపోతుందిలే" అనలేదు. ఆమె చెయ్యి విలువైనదని అనుకున్నారు. అందుకని కొలత తీసి మరీ చేయించారు.

130 ఏళ్లు దాటింది. అదే ఆసుపత్రి వార్డులో డాక్టరుకు గ్లౌజుంది, నర్సుకు ఉంది. కింద కూర్చుని బాత్రూం తోమే అక్కకు ఉందా? చాలాచోట్ల మూడు నెలలకొక జత. అది కూడా మగవాళ్ల సైజు. చేతిలో నిలవదు, బ్రష్ పట్టు దొరకదు. తీసి పక్కన పెడుతుంది. అప్పుడు సూపర్‌వైజరు అంటాడు: "ఇచ్చినా వేసుకోరు సార్ వీళ్లు."

4. బొంబాయిలో ప్లేగు

మన దేశంలోకి ఈ మందులు పెద్దఎత్తున దిగింది 1896లో. బొంబాయిలో ప్లేగు వచ్చింది. ఇళ్లకు, మోరీలకు, వీధులకు కార్బాలిక్ కొట్టించారు. 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. ఆ రోజుల్లో మున్సిపల్ అధికారులను వణికించిన భయం ఒకటుంది. దొడ్లు ఎత్తే హలాల్‌ఖోర్లు, ఊడ్చేవాళ్లు నగరం వదిలి పారిపోతే ఏంటి గతి అని. జనం లక్షల్లో పారిపోతున్నారు. వాళ్లు కూడా పోతే నగరం కుళ్లిపోతుంది. ఆ కాలపు మున్సిపల్ చట్టాల్లో కొన్నిట్లో చెప్పకుండా పని మానేసిన స్వీపర్‌కు శిక్ష వేసే సెక్షన్లు కూడా ఉండేవి.

చూడండి, వాళ్లు లేకపోతే నగరం లేదని సర్కారుకు తెలుసు. తెలిసి కూడా పోనియ్యకుండా పట్టి ఉంచడానికి చట్టం రాసింది. వాళ్ల చేతులు కాపాడటానికి రాయలేదు.

5. చట్టం ఎక్కడ ఆగింది

స్వాతంత్ర్యం దగ్గరకొచ్చేసరికి కార్మిక చట్టాలను కదిలించింది మనవాళ్లే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చినప్పుడు కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. 1984లో భోపాల్ జరిగింది. ఆ చావుల తర్వాత 1987లో ఆ చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. అందులో 41బి సెక్షన్ ప్రకారం ప్రమాదకర రసాయనాలు వాడే యజమాని వాటి ప్రమాదం ఏంటో, తప్పించుకునే దారేంటో కార్మికుడికి చెప్పి తీరాల్సి ఉండేది. 41హెచ్ ప్రకారం ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఆ సంగతి యజమాని దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఉండేది. 1989 రూల్స్‌లో రసాయనానికి భద్రతా వివరాల పత్రం ఉండాలన్నారు. దాన్నే ఎస్‌డీఎస్ అంటారు.

మంచి చట్టాలే. కానీ అవి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయాయి. ఆ చట్టంలో ఉత్పత్తి ప్రక్రియ అంటే ఏంటో చెప్పే చోట మురుగునీళ్లు పంపు చెయ్యడం కూడా ఉండేది. మురుగు తోడే మిషను చట్టానికి కనిపించింది. బాత్రూం కడిగే చెయ్యి కనిపించలేదు.

2013లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్ అన్న, ఎస్.ఆర్. శంకరన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కొట్లాడిన ఫలితం. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపితే నేరం. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇమ్మంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఇది మ్యాన్‌హోల్ సంగతి.

అదే 2013లో యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొన్నవాళ్ల పేరు రిజిస్టర్‌లో రాయాలి, ఆసుపత్రులూ ప్రభుత్వ శాఖలూ నిల్వకు లెక్క చెప్పాలి. చాలా అవసరమైన తీర్పు. యాసిడ్ బయటకు పోకుండా కాపలా పెట్టారు. లోపల రోజూ దాన్ని వట్టి చేత్తో పట్టుకునే మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

అటు ఫ్యాక్టరీ గేటు, ఇటు మ్యాన్‌హోల్ మూత. మధ్యలో ఆసుపత్రి, హాస్టల్, బస్టాండ్, మాల్, ఆఫీసు, అపార్ట్‌మెంట్. మనవాళ్లు లక్షల మంది పనిచేసేది ఆ మధ్యలోనే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ పదిమంది, అంతకు పైగా పనిచేసే సంస్థలను లోపలికి తెచ్చింది. ప్రభుత్వ ఆఫీసులకు మినహాయింపు ఇచ్చినా, అక్కడ కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు మాత్రం వర్తిస్తుందని రాసింది. మీ సంఘంలో ఈ ముక్క తెలిసినవాళ్లు ఎంతమంది? అడిగి చూడండి.

6. వంగినవాళ్లకే తగిలే గాలి

ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేసే అక్కలతో మేం ఒక ఆదివారం కూర్చున్నాం. అంతకు కొన్ని రోజుల ముందు ఒక అక్క బాత్రూంలో ఊపిరాడక పడిపోయింది. పొద్దున్నే బ్లీచింగ్ చల్లారు. మరకలు పోలేదని సూపర్‌వైజరు దాని మీదే యాసిడ్ పొయ్యమన్నాడు. పోసింది. కాంట్రాక్టరు మాత్రం "వాడటం తెలియక చేసుకుంది" అన్నాడు.

నేను అడిగాను: "సీసా మీద ఏం రాసుందక్కా?"

"సీసా ఎక్కడిదన్నా? పెద్ద క్యానులోంచి వాటర్ బాటిల్‌లో పోసిస్తారు. ఏది యాసిడో ఏది ఫినాయిలో మూత తీసి వాసన చూసి తెలుసుకుంటాం."

వాసన చూసి తెలుసుకోవడం! లేబుల్ అనేది ఒక మనిషికి ఇవ్వాల్సిన కనీస మర్యాద. దాన్ని కూడా క్యానులోనే ఆపేశారు. మిగిలింది ముక్కు.

ఇంకో పెద్దమ్మ అంది: "ఘాటు రాకపోతే కడగలేదంటారు బిడ్డా. అందుకే ఇంకో మూత ఎక్కువ పోస్తాం."

జరిగిందేంటో చెబుతాను. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదకు వదిలింది ఆ వాయువునే. అది గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. పైకి లేవదు, కిందకు దిగుతుంది, నేల మీద పరుచుకుంటుంది. తలుపు దగ్గర నిలబడి "అక్కడ ఇంకా మరక ఉంది" అని వేలు చూపించేవాడికి అది ముందు తగలదు. కింద కూర్చుని తోమే మనిషికి తగులుతుంది. ఈ దేశంలో కులం కూడా అట్లాగే పనిచేస్తుంది. వంగినవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

"తెలియక" అన్నాడు కదా కాంట్రాక్టరు. సున్నం లెక్క, తంగేడు లెక్క తరతరాలు తప్పకుండా చేసిన జాతికి తెలుసుకోవడం చేతకాదా? తెలుసుకునే కాగితం ఎవరి బీరువాలో ఉంది? మందు ఏది కొనాలో టెండర్‌లో తేలుస్తారు. తక్కువ రేటు వేసినవాడికి ఇస్తారు. ఆ బల్ల దగ్గర ఒక్క పారిశుధ్య కార్మికురాలు కూడా ఉండదు. ఎంచుకునే చెయ్యి ఒకటి, కాలే చెయ్యి ఇంకొకటి.

7. మనం తెలుసుకోవాల్సినవి, అడగాల్సినవి

ముందు తెలుసుకోవాల్సినవి. ఇవి నోటికి రావాలి.

మురికిని బట్టి మందు. జిడ్డుకూ మట్టికీ సబ్బు నీళ్లు చాలు. ఉప్పునీళ్ల గారకే యాసిడ్, అది కూడా పలచటిది. క్రిములకు బ్లీచింగ్. యాసిడ్‌తో రోజూ నేల కడిగితే టైల్స్ మధ్య సిమెంటు తింటుంది, చెయ్యి కూడా తింటుంది.

ముందు కడుగు, తర్వాత మందు. మురికి మీద బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా మురికితోనే అయిపోతుంది.

రెండు మందులు ఎప్పుడూ కలపొద్దు. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్. బ్లీచింగ్‌తో అమ్మోనియా కలిస్తే క్లోరమైన్ అనే ఇంకో విషం. మూత్రంలో కూడా అమ్మోనియా ఉంటుంది. అందుకే యూరినల్ మీద నేరుగా బ్లీచింగ్ వెయ్యొద్దు. ముందు నీళ్లు బాగా కొట్టాలి.

నీళ్లలో యాసిడ్ పొయ్యాలి. యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. పోస్తే ఎగజిమ్ముతుంది.

కొలత ఉండాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే సుమారు 1 శాతం ద్రావణం. 5 శాతం హైపో అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. అంతకంటే ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం రాదు, దగ్గు వస్తుంది. కలిపింది ఆ రోజే వాడాలి. ఎండలో పెట్టిన బ్లీచింగ్ బలం పోతుంది.

తాగే నీళ్ల సీసాలో మందు పొయ్యనియ్యొద్దు. ఇంట్లో పిల్లలున్నారు.

కంట్లో పడితే, ఒంటి మీద పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు. తర్వాత డాక్టరు. వెళ్లేటప్పుడు లేబుల్ ఫోటో తీసుకెళ్లండి.

ఊపిరి పట్టేసినట్టు, కళ్లు మండినట్టు అనిపిస్తే పని ఆపి బయటకు రండి. తలుపు, కిటికీ తెరవండి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు వాయువును ఆపవు.

ఎర్ర గీత డైమండ్‌లో చెయ్యి మీద చుక్క పడి చెయ్యి కరుగుతున్న బొమ్మ ఉంటే అది కాల్చే మందు. ఇట్లాంటి తొమ్మిది బొమ్మలను ఐక్యరాజ్యసమితి పద్ధతిలో 2003 నుంచి ప్రపంచమంతా వాడమంటోంది. చదువు రాకపోయినా బొమ్మ అర్థమవుతుంది. అందుకే పెట్టారు.

ఇక అడగాల్సినవి. భద్రత అనగానే గ్లౌజులు, మాస్కులు పంచి ఫోటో దిగడం అలవాటైపోయింది. భద్రతా శాస్త్రం చెప్పే వరస వేరు. మొదట ఆ ప్రమాదకర మందు అసలు అవసరమా అని చూడాలి. అవసరమైతే తక్కువ ప్రమాదం ఉన్నది దొరుకుతుందా చూడాలి. తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాను, పొడుగు పిడి బ్రష్, కొలత పంపు. తర్వాత పని పద్ధతి, శిక్షణ. అన్నిటికంటే చివర గ్లౌజు. మన దగ్గర వరస తిరగేశారు. చివరిది ముందు పెట్టి, అది కూడా సరిగా ఇవ్వకుండా, తప్పు మన మీద వేస్తున్నారు.

కాబట్టి సంఘాలు ఈ ఐదు రాసి ఇవ్వండి. ఒకటి, వాడే ప్రతి మందుకూ భద్రతా వివరాల పత్రం తెలుగులో, స్టోర్‌రూం గోడ మీద. రెండు, చిన్న సీసా మీద కూడా లేబుల్, బొమ్మ. మూడు, చేతికి సరిపోయే సైజు గ్లౌజు, చిరిగిన రోజే కొత్తది. నాలుగు, మందులు కొనే కమిటీలో వాడేవాళ్ల ప్రతినిధి, అందులో ఆడవాళ్లు. ఐదు, చర్మానికీ ఊపిరితిత్తులకూ ఏటా పరీక్ష, రిపోర్టు మన చేతికి.

ఇవి అడిగితే "గొంతెమ్మ కోరికలు" అంటారు. అన్నప్పుడు కరోలిన్ హ్యాంప్టన్ పేరు చెప్పండి. ఒక్క నర్సు చేతులు పుండ్లు పడితే కొలత తీసి గ్లౌజులు చేయించారని చెప్పండి. మా అక్క చెయ్యి కూడా చెయ్యే అని చెప్పండి.

ఆ ఆసుపత్రిలో పడిపోయిన అక్క మళ్లీ పనికి పోతోంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటోంది. మేం మొదటి రెండు డిమాండ్లూ రాసి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాసి ఇస్తాం.

వచ్చే భాగంలో యూనిఫాం గురించి. ఆ ఆరెంజ్ కోటు ఎవరికి కనబడాలని కుట్టారో మాట్లాడుకుందాం.

జై భీమ్.